కొబ్బరికాయ లేచింది సరే, లెక్క రాసిందెవరు?

అనంతపురం జిల్లాలో మాఘమాసం దాటిందంటే పల్లెదారుల మీద బోరు లారీల చప్పుడు మొదలవుతుంది. ఆ లారీ చేలోకి రావడానికి ఒకటి రెండు రోజుల ముందు ఇంకొక చిన్న తంతు జరుగుతుంది. తెల్లవారకముందే నీళ్లు చూసే మనిషిని మోటారు సైకిల్ మీద ఎక్కించుకుని వస్తారు. ఆయన చెప్పులు విడిచి, తూర్పుకు దండం పెట్టి, పీచు తీసిన కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని గట్టు వెంబడి నడక సాగిస్తాడు. వెనుక రైతు, రైతు తండ్రి, బావమరది, ఇరుగుపొరుగు చేల వాళ్లు ఇద్దరు ముగ్గురు నడుస్తారు. ఎవరూ మాట్లాడరు. ఒకచోట కాయ నెమ్మదిగా కదిలి నిటారుగా లేచి నిలబడుతుంది. అక్కడ ఒక రాయి పెట్టి, పసుపు కుంకుమ చల్లి, నిమ్మకాయ కోస్తారు.

"ఏమప్పా, పడతాయా?" అంటాడు ముసలాయన.

"రెండు జలలు కలుస్తాండాయి పెద్దాయనా. మూడున్నర వందల అడుగుల కాడ ఒకటి, అయిదు వందల లోపల ఇంకొకటి. రెండించీలకు తక్కువ రావు."

మరునాటి రాత్రి లారీ వస్తుంది. మూడున్నర వందల అడుగుల వద్ద తెల్లదుమ్ము లేస్తుంది. అయిదు వందల వద్దా అదే దుమ్ము. "ఇంకో వంద దించమంటావా అన్నా?" అని బోరు మనిషి అడుగుతాడు. లోతు పెరిగేకొద్దీ అడుగు ధర కూడా పెరుగుతుందని రైతుకు తెలుసు. ఆపితే ఇంతవరకు పెట్టిన డబ్బు మట్టిపాలు. ఆపకపోతే పెట్టబోయేది ఏమవుతుందో తెలియదు. ఆ నిమిషంలో ఆయన చూసేది తన మనసు వంక. "పడతాయనిపిస్తాంది, దించు" అంటాడు.

ఈ దృశ్యం ఫలానా ఊరిదని చెప్పనక్కరలేదు. కల్యాణదుర్గం వైపైనా, కదిరి వైపైనా, 2022లో విడిపోయి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన గ్రామాల్లోనైనా దీన్ని చూడనివారు అరుదు. సాలీనా సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర వాన మాత్రమే కురిసే ప్రాంతం ఇది. ఒక్కో కుటుంబం నాలుగైదు బోర్లు వేసి, ఒక్కదానిలోనూ నీళ్లు నిలవక, ఇంటి ఆడపడుచుల బంగారం బ్యాంకులో పెట్టిన ఉదంతాలు కోకొల్లలు. బోరుకు మోటారు, పైపులు, కేబులు కలుపుకుంటే ఖర్చు లక్ష రూపాయలు దాటడం మామూలే. అంతటి సొమ్ము కదిలేది ఒక కొబ్బరికాయ కదలిక మీద, "అనిపిస్తాంది" అన్న ఒక్క మాట మీద.

అందువల్ల ఈ "అనిపించడం" అనేదేమిటో కాస్త నిదానంగా విచారించవలసిన అవసరం ఎంతైనా వుంది. ఇది మూఢనమ్మకమని నవ్వి తోసిపుచ్చడం తేలిక. దైవదత్తమైన శక్తి అని చేతులు జోడించడమూ తేలికే. ఈ రెండింటివల్లా రైతుకు ఒరిగేది మాత్రం శూన్యం.

అందరిలోనూ వున్నదే

మనసుకు ముందే తెలియడమన్నది అబద్ధం కాదు. అది ప్రతి ఇంటిలోనూ రోజూ కనిపించేదే. దొడ్డిలో ఆవు నిలబడ్డ తీరు చూసి "ఈ రాత్రికే ఈనుతుంది" అని ఇంటావిడ పడక అక్కడే వేసుకుంటుంది. ఇడ్లీ పిండి గిన్నె మూత తీయకుండానే "ఈరోజు పులవలేదు" అంటుంది అమ్మమ్మ. ఏడాది పిల్లవాడు మామూలుగానే ఆడుకుంటున్నా "వీడికి ఒంట్లో బాగాలేదు" అని తల్లి నుదురు తడిమి చూస్తుంది. తెల్లవారేసరికి జ్వరం కాస్తుంది. ఎలా తెలిసిందని అడిగితే వీరెవరూ చెప్పలేరు. "తెలిసిందంతే" అంటారు.

చెప్పలేనంత మాత్రాన అందులో మాయ వున్నదని అనుకోనక్కరలేదు. ఆవు తోక ఎత్తే తీరు, పొదుగు బిగువు, మేత వదిలిపెట్టడం ఇవన్నీ ఆమె కంటబడే వుంటాయి. ఆ రాత్రి చలిగా వుందన్న సంగతి అమ్మమ్మ ఒంటికి తెలుసు. పిల్లవాడి ఏడుపులో తేడా తల్లి చెవికి అందింది. కళ్లూ చెవులూ చర్మమూ పోగుచేసిన వంద ఆనవాళ్లను మనసు ఒక్కసారిగా మూటకట్టి, ఫలితాన్ని మాత్రమే చేతికి అందిస్తుంది. మూటలో ఏమున్నదీ చెప్పదు.

అమెరికాలో గేరీ క్లైన్ అనే మనస్తత్వ పరిశోధకుడు 1980ల నుంచి అగ్నిమాపక దళాల వారిని, నర్సులను, సైనికులను కలుసుకుని వారు క్షణాల్లో నిర్ణయాలు ఎలా చేస్తారో విచారించాడు. 1998లో ప్రచురించిన పుస్తకంలో ఆయన ఒక దళనాయకుడి అనుభవం చెప్పాడు. ఒక ఇంటి వంటగదిలో మంట. నీళ్లు కొడుతున్నా అది లొంగడం లేదు. నాయకుడికి ఏదో కీడు తోచింది. కారణం తెలియకుండానే తన వాళ్లనందరినీ బయటికి రమ్మన్నాడు. వాళ్లు బయటపడ్డ కొద్దిసేపటికే నిలబడ్డ నేల కూలిపోయింది. అసలు మంట కింద నేలమాళిగలో వుంది. ఆ నాయకుడు తనకు అతీంద్రియ శక్తి వుందనే చాలాకాలం నమ్మాడు. క్లైన్ ఒక్కొక్క ప్రశ్న వేస్తూ పోగా సంగతి బయటపడింది. చిన్న వంటగది మంటకు వుండవలసిన దానికన్నా గదిలో వేడి ఎక్కువగా వుంది. అంత వేడి పుట్టించే మంట చేయవలసిన చప్పుడు మాత్రం లేదు. ఏళ్ల తరబడి మంటలతో పెనుగులాడిన ఒళ్లు ఆ పొంతన లేకపోవడాన్ని పసిగట్టింది.

1978లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన హెర్బర్ట్ సైమన్ ఈ సంగతినే సూటిగా తేల్చాడు. ఆయన దృష్టిలో అంతఃస్ఫురణ అంటే పాత గుర్తులను తిరిగి పోల్చుకోవడమే.

ఎవరి మాట నమ్మాలి?

మరి ఒకరి మనసు మాట నిజమై, ఇంకొకరిది వట్టిపోవడమెందుకు? దీనికి 2009లో ఒక ఉపయోగకరమైన సమాధానం వచ్చింది. అంతఃస్ఫురణను గౌరవించే క్లైన్, దాన్ని అనుమానించే డేనియల్ కానెమన్ (2002లో నోబెల్ పొందినవాడు) ఏళ్ల తరబడి వాదించుకుని, చివరకు కలిసి ఒక వ్యాసం రాశారు. ఇద్దరూ ఒప్పుకున్న షరతులు రెండు. మొదటిది, ఆ పనిలో ఒక నిలకడైన తీరు వుండాలి; ఫలానా గుర్తు కనిపిస్తే ఫలానా ఫలితమన్నది సాధారణంగా తప్పకూడదు. రెండవది, మనిషి తన అంచనా ఒప్పో తప్పో త్వరగా, మళ్లీ మళ్లీ తెలుసుకునే అవకాశం వుండాలి.

ఆవు ఈనే సంగతి తెల్లవారేలోగా తేలిపోతుంది. ఇడ్లీ పిండి సంగతి గంటలో తేలుతుంది. తప్పు చేస్తే ఇంటిల్లిపాదీ చెబుతారు. ఇలా వేలసార్లు దిద్దుబాటు పొందిన మనసు అమ్మమ్మది. ఆమెను నమ్మడంలో తప్పులేదు.

నీళ్లు చూసే ఆయన పరిస్థితి వేరు. పొద్దున పాయింటు పెట్టి, ముడుపు తీసుకుని, భోజనం చేసి వెళ్లిపోతాడు. బోరు వేసేది ఇంకోరోజు. నీళ్లు పడితే రైతు స్వయంగా టెంకాయ, బట్టలు పట్టుకుని వెళ్లి దండం పెట్టి వస్తాడు. పది ఊళ్లకు చెబుతాడు. పడకపోతే ఎవరూ వెళ్లరు. "నా రాత బాగాలేదు" అని తలగుడ్డ దులుపుకుంటాడు. లేదా "రాయి పెట్టిన చోటికి లారీ రెండడుగులు పక్కన నిలిచింది" అని సమాధానం చెప్పుకుంటాడు. ఆ విధంగా నీళ్లు చూసే ఆయన చెవిన పడేవి గెలుపులు మాత్రమే. పాపం, ఆయన నేర్చుకునే దారే మూసుకుపోయింది. ముప్పై ఏళ్ల అనుభవం వుండవచ్చు. తప్పులు తెలియని ముప్పై ఏళ్లు అవి.

పదింటిలో ఆరు

లెక్క ఒకటి చూడాలి. ఒక ప్రాంతంలో ఎక్కడ బోరు వేసినా పదింటిలో ఆరింటికి మొదట్లో ఎంతో కొంత తడి తగులుతుందనుకుందాం. అక్కడ కళ్లు మూసుకుని రాయి విసిరి, పడ్డచోట బోరు వేసినా పదింటికి ఆరు "సక్సెస్" అవుతాయి. అలాంటి చోట వందమంది నీళ్లు చూసేవాళ్లు తలా నాలుగు పాయింట్లు పెడితే, ఏ శక్తీ లేకుండానే సుమారు 13 మందికి నాలుగుకు నాలుగూ పడతాయి. ఆ 13 మంది పేర్లు తాలూకా అంతటా మోగుతాయి. వారి ఇళ్ల ముందు మోటారు సైకిళ్లు బారులు తీరుతాయి. నాలుగూ తప్పిన ఇద్దరు ముగ్గురు ఆ పని మానుకుని మరో పని చూసుకుంటారు. చూసేవారికి మిగిలేది "ఆయన చెయ్యి తప్పదు" అన్న మాట ఒక్కటే.

ఇందులో మోసం ఎవరిదీ లేదు. జ్ఞాపకం చేసే పని అది. కాకి అరిచిననాడు చుట్టం వస్తే నలభై ఏళ్లు గుర్తుంటుంది. అరిచినా ఎవరూ రాని వెయ్యి రోజులు గుర్తుండవు. ఎవరినో తలుచుకోగానే వారి నుంచి ఫోన్ వస్తే ఒళ్లు జలదరిస్తుంది. తలుచుకున్నా రాని ఫోన్లకు లెక్కే లేదు.

చెయ్యి ఎందుకు కదులుతుంది?

"అబద్ధమైతే కాయ ఎట్ల లేచె?" అని అడగవచ్చు. సబబైన ప్రశ్నే. కాయ లేవడం అబద్ధం కాదు. దాన్ని లేపుతున్నానని ఆ మనిషి అనుకోకపోవడం కూడా నిజమే.

ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రెల్ 1833లో ఈ సంగతి మీద ఒక లేఖ ప్రచురించాడు. దారానికి కట్టిన లోలకం పాదరసం మీద పట్టుకుంటే ఊగుతుందని ఆనాడు ఒక నమ్మకం. ఆయన చేతిలోనూ ఊగింది. కళ్లకు గంతలు కట్టుకుని పట్టుకున్నాడు, ఊగడం ఆగిపోయింది. తన చెయ్యే, తనకు తెలియకుండా, తన ఎదురుచూపుకు అనుగుణంగా దాన్ని కదుపుతున్నదని గ్రహించాడు. 1852లో విలియం కార్పెంటర్ అనే ఆంగ్ల వైద్యుడు ఈ తెలియని కదలికకు శాస్త్రంలో ఒక పేరు పెట్టాడు. అరచేతిలో అడ్డంగా నిలిపిన కొబ్బరికాయ, రెండు చేతుల మధ్య బిగబట్టిన వేపపుల్ల, వేలికి వేలాడే తాళాలగుత్తి ఇవన్నీ నిలకడ లేనివి. అరచెయ్యి వెంట్రుకవాసి వాలినా చాలు, పెద్దగా తిరుగుతాయి. "ఇక్కడ వుండాలి" అని మనసులో ఎక్కడో అనిపించగానే చెయ్యి వాలుతుంది, కాయ లేస్తుంది.

ఆ "ఇక్కడ వుండాలి" అన్నది ఎక్కడినుంచి వస్తున్నదన్నదే అసలు ప్రశ్న. నేల తీరు చూసిన కంటి నుంచా, లేక భూగర్భం నుంచి ఏదో శక్తి వచ్చి తాకడం వల్లనా?

దీన్ని తేల్చేందుకు 1987-88లో పశ్చిమ జర్మనీలో ప్రభుత్వ ధనసహాయంతో మ్యూనిచ్ శాస్త్రజ్ఞులు పెద్ద ఎత్తున పరీక్షలు జరిపారు. దాదాపు 500 మంది నీళ్లు చూసేవారిని వడబోసి 43 మందిని ఎంచుకున్నారు. ఒక రెండంతస్తుల కొట్టంలో కింద నీటి గొట్టాన్ని బండి మీద పెట్టి అటూ ఇటూ జరుపుతూ, పై అంతస్తులో నిలబడి అది ఎక్కడ వుందో చెప్పమన్నారు. అలా 843 సార్లు చేశారు. కొద్దిమందికి నిజంగానే శక్తి వున్నదని నిర్వాహకులు ప్రకటించారు. అయితే 1999లో అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ ఎన్‌రైట్ అవే అంకెలను తిరగేసి చూసి, అందులో కనిపించేది కాకతాళీయం తప్ప మరొకటి కాదని తేల్చాడు. ఒకసారి బాగా చెప్పినవారే మరోసారి బాగా తప్పారు. నేల చూసే వీలు లేకుండా చేసేసరికి చేతిలోని మహిమ కూడా కనిపించకుండా పోయింది.

వరాహమిహిరుడు చూసినది నేలను

ఇదంతా పాశ్చాత్యుల మాట, మన పూర్వులు వేరే చెప్పారనుకోవడం పొరపాటు. క్రీస్తుశకం ఆరవ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో దకార్గళమనే అధ్యాయాన్ని పూర్తిగా భూగర్భ జలాలకే కేటాయించాడు. అందులో ఆయన పట్టించుకున్నవి చెట్లు, పుట్టలు, మట్టి రంగు, తవ్వేటప్పుడు తగిలే రాయి, కప్పలవంటి జీవాలు. ఏ చెట్టుకు ఏ దిక్కున పుట్ట వుంటే ఎన్ని మూరల దూరంలో, ఎంత లోతులో నీరుంటుందో చెప్పుకుంటూ పోయాడు. ఆ కొలతలన్నీ ఈనాటి నేలకు వర్తిస్తాయని కాదు. కాని పద్ధతి గమనార్హం. గుర్తు ఏమిటో, ఫలితం ఏమిటో, లోతు ఎంతో విప్పి చెప్పాడు. విప్పి చెప్పినదాన్ని తవ్వి చూడవచ్చు, తప్పయితే కొట్టివేయవచ్చు. చెదలకు తేమ లేనిదే బతుకు లేదన్న సంగతి ఈనాటి శాస్త్రానికీ సమ్మతమే. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి చెందిన ఇ.ఎ.వి. ప్రసాద్ 1980 ప్రాంతంలో ఈ అధ్యాయం మీదే ఒక పుస్తకం ప్రకటించారు.

చిత్రమేమిటంటే, గని పని మీద గ్రంథం రాసిన జర్మన్ పండితుడు అగ్రికోలా కూడా ఇదే సలహా ఇచ్చాడు. 1556లో వెలువడిన ఆ గ్రంథంలో పంగల పుల్లలతో ఖనిజం వెతికేవారిని వర్ణించి, మంచి గనికాడు పుల్లను నమ్ముకోకుండా నేల మీద కనిపించే సహజమైన గుర్తులను చూడాలన్నాడు.

ఈ జిల్లా పెద్దలకూ ఆ చూపు వుండేది. వేసవిలోనూ ఏ వరుసలో చెట్లు పచ్చగా నిలుస్తాయో, తెల్లవారుజామున ఏ మడిలో మంచు ఆలస్యంగా ఆరుతుందో, పాతబావి ఏ మూలనుంచి ఊరేదో వారికి తెలుసు. పేరుపడ్డ నీళ్లు చూసేవారిలో ఒకరిద్దరు నిజంగానే నలుగురికన్నా మెరుగ్గా చెబుతుంటే, దానికి కారణం వారి చేతిలోని కాయ కాదు; నడిచేటప్పుడు వారి కళ్లు చేసే పని. ఆ గుర్తులు ఫలానావని వారు నోరువిప్పి చెబితే ఊరందరికీ ఉపకారమవుతుంది. కాయ చాటున దాస్తే ఆయనతోనే పోతుంది.

వెయ్యి అడుగుల కింద కన్ను పారదు

అయితే ఒక సంగతి మరువరాదు. పెద్దల చూపు పనిచేసింది దిగుడుబావుల కాలంలో. జిల్లాలో అధిక భాగం నల్లరాతి నేల. పైన కొంతమేర చివికిన రాయి, దాని కింద గట్టిరాయి. పూర్వం నీరు చివికిన పొరలో వుండేది. ఆ నీటికీ పైనున్న చెట్టుకూ సంబంధముండేది. ఇప్పుడు ఆ పొర చాలాచోట్ల ఎండిపోయింది. అయిదు వందలు, వెయ్యి అడుగుల లోతున గట్టిరాతిలోని పగుళ్ల కోసం వెతుకులాట సాగుతున్నది. పగులు జానెడు పక్కన వుంటే బోరు వట్టిపోతుంది. అంత లోతు సంగతి పైనున్న పుట్టకూ తెలియదు, చెట్టుకూ తెలియదు. పాత అనుభవం మీద పుట్టిన అంతఃస్ఫురణ, పరిస్థితి మారాక కూడా అదే ధీమాతో మాట్లాడుతుంది. ప్రమాదం అక్కడే వుంది.

యంత్రంతో చూస్తే ఖాయమా అంటే, అదీ కాదు. భూగర్భ జల శాఖవారు భూమిలో నాలుగు కడ్డీలు పాతి, రెండింటిగుండా కరెంటు పంపి, మిగతా రెండింటి మధ్య తేడా కొలుస్తారు. నీరున్న పగుళ్ల రాయి కరెంటును కొంత తేలికగా పోనిస్తుంది, గట్టిరాయి అడ్డుకుంటుంది. ఆ అంకెలనుబట్టి అంచనా కడతారు. గట్టిరాతి నేలలో ఈ అంచనా కూడా తప్పుతుంటుంది. తేడా ఒక్కటే. అంకె కాగితం మీద వుంటుంది. తప్పితే ఎందుకు తప్పిందో మళ్లీ చూసుకోవచ్చు. 2020లో రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన ఉచిత బోర్ల పథకంలోనూ సర్వే జరిగిన తర్వాతే బోరు అన్న నిబంధన పెట్టింది అందుకే.

రైతులే కొలిచిన నీళ్లు

ఈ జిల్లా రైతు తన నేల సంగతి తానే కనిపెట్టగలడనడానికి నిదర్శనం కూడా వుంది. 2010కి ముందు కొన్నేళ్లపాటు అనంతపురంతో సహా ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతుల భూగర్భ జల యాజమాన్య పథకం నడిచింది. అందులో రైతులూ, రైతు మహిళలూ తమ ఊళ్లోనే వానమాపకంతో వాన కొలిచారు. బోరులో నీటిమట్టం ఎంత దిగిందో తామే చూసి రాసుకున్నారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, భూమిలో ఎన్ని నీళ్లున్నాయి, ఏ పంటకు ఎన్ని కావాలి అని బడ్జెట్ వేసుకున్నారు. వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లినవారు వున్నారు. పెద్ద ప్రసంగాలు విని మారినవారు కాదు వీరు. తమ చేత్తో తాము రాసిన అంకెలు చూసి, "మన బోరు పక్కబోరుతోపాటే దిగుతాంది" అని స్వయంగా కనుగొన్నవారు. చిన్న ఆవిష్కరణే కావచ్చు. ఒక కుటుంబాన్ని ఇంకొక బోరు అప్పునుంచి తప్పించడానికి అది చాలు.

మహా మేధావుల విషయంలోనూ ఇదే నీతి. గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ తనకు సూత్రాలు నామగిరి అమ్మవారు ప్రసాదించినవని చెప్పేవాడు. ఆయన భక్తిని శంకించే పనిలేదు. అయితే 1903లో చేతికందిన ఒక పుస్తకంలోని వేలాది సూత్రాలతో ఏళ్ల తరబడి కుస్తీపట్టి, కాగితం కొనలేక పలకమీద చెరిపి రాసి, ఫలితాలను నోటుపుస్తకాలలోకి ఎక్కించినవాడు కూడా ఆయనే. 1913లో కేంబ్రిడ్జిలోని హార్డీకి పంపిన సూత్రాలలో అద్భుతమైనవి ఎన్నో వున్నాయి. ప్రధాన సంఖ్యల గురించి రాసిన కొన్ని మాత్రం పొరపాటని తేలింది. రుజువు అడిగే హార్డీ ఎదురుగా లేకపోతే ఏది ఏదో తెలిసేది కాదు. రామానుజన్ మనసుకే పరీక్ష అవసరమైనప్పుడు, పాయింటు పెట్టే ఆయన కొబ్బరికాయకు అక్కరలేదనడం ఏపాటి న్యాయం?

పంచాయతీలో ఒక చిట్టా

కాబట్టి చేయవలసినది కష్టమైనది కాదు, ఖర్చుతో కూడుకున్నదీ కాదు. ప్రతి గ్రామ పంచాయతీ కార్యాలయంలో ఒక బోర్ల చిట్టా వుంచాలి. బోరు వేయకముందే అందులో రాయాలి: పాయింటు పెట్టినది ఎవరు, ఏ పద్ధతిన, ఎన్ని అడుగులకు ఎంత నీరు పడుతుందన్నారు, కొబ్బరికాయా, పుల్లా, యంత్రమా. బోరు వేశాక రాయాలి: ఎన్ని అడుగులు దించారు, ఎక్కడ తడి తగిలింది, ఎంత నీరు వచ్చింది. ఏడాది తర్వాత మళ్లీ ఒక గీత: ఇంకా వస్తున్నాయా, ఎండాయా. పడినవీ, పడనివీ అన్నీ ఎక్కాలి. 2002నాటి వాల్టా చట్టం కింద కొత్త బోరుకు అనుమతి, లారీకి రిజిస్ట్రేషను ఎలాగూ వుండవలసినవే. ఆ కాగితాలతోపాటు ఈ నాలుగు గడులు నింపించడం అధికారులకు భారం కాబోదు.

మూడేళ్లలో ఆ చిట్టా ఊరికి పెద్దబాలశిక్ష అవుతుంది. ఎవరి చెయ్యి నిజంగా మంచిదో తేలుతుంది. అలాంటివారికి గౌరవం పెరుగుతుందే గాని తగ్గదు. యంత్రం సైతం ఎంతవరకు ఆదుకుంటున్నదో తేలుతుంది. ఊరి పొలిమేరలో ఏ వైపు ఎంత లోతున వట్టిరాయి వుందో పటం గీసినట్టు కనిపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఎండిన బోర్ల వరుసను చూశాక ఇంకొక బోరు వేయకపోవడమే మేలని ఎవరికైనా తోచవచ్చు. ఆ తోచడం గాలిలోంచి వచ్చినది కాదు గనుక దాన్ని నమ్మవచ్చు.

ఇళ్లలోనూ ఇలాంటి చిన్న పుస్తకం ఒకటి పెట్టుకోవడం మంచిది. కల వచ్చినా, కన్నదిరినా, ఎవరో వస్తారనిపించినా, ఎవరికో కీడు జరుగుతుందని మనసు కొట్టుకున్నా, ఫలితం తెలియకముందే తేదీ వేసి ఒక వాక్యం రాసుకోవాలి. ఆరు నెలలు గడిచాక తీసి చూసుకుంటే ఎవరి మనసు ఏ విషయంలో నిజం చెబుతుందో వారికే అవగతమవుతుంది. పిల్లల ఒంటి సంగతిలో తల్లి మనసు తప్పదని తేలవచ్చు. ఆమె మనసే లాటరీ నంబరు విషయంలో ఎప్పుడూ తప్పుతుందని కూడా తేలవచ్చు. రెండూ పనికివచ్చే జ్ఞానాలే. తనను తాను ఎంతవరకు నమ్మవచ్చునో తెలుసుకోవడానికి మించిన లాభం ఏముంటుంది?

మొదట చెప్పిన చేలోకి మళ్లీ వెళితే, ఆ తెల్లవారుజామున కొబ్బరికాయ వెంట నడిచిన గుంపులో ఆ ఇంటి ఇల్లాలు లేదు. ఇలాంటప్పుడు ఆడవాళ్లను పిలవడం వాడుక కాదు. వంటింటి గడపమీద నిలబడి ఆమె మామగారితో అన్న మాట ఏ ఊళ్లోనైనా వినిపించేదే: "పోయినేడు ఆ వేపచెట్టు కాడ, అంతకుముందు బండ కాడ ఇట్లనే రెండించీలు అనిరి గదా మామా." ఆమె వద్ద బ్యాంకు ఇచ్చిన బంగారం రసీదులు మూడు, బియ్యం డబ్బా కింద మడిచిపెట్టి వుంటాయి. ఏ నెలలో ఏ నగ, ఏ బోరుకు పోయిందో ఆ కాగితాలమీద తేదీలతో సహా వుంది. ఆమెకు తోచినది కీడు శంకించడమని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. నిజానికి ఆ ఇంట్లో లెక్క పెట్టుకున్న మనసు ఆమెది ఒక్కటే. లారీకి అడ్వాన్సు ఇవ్వబోయే ముందు ఆ మూడు రసీదులూ తీయించి ఒకసారి చదివితే, ఆ పూట వినవలసిన అంతర్వాణి ఎవరిదో ఆ కుటుంబానికి తెలుస్తుంది.